ఎయిర్ ట్రాకా, ట్రాలీలా?

ద్రవ్యవేగ నిత్యత్వాన్ని (ఢీకొన్నా మొత్తం ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశి × వేగం, మారదనే నియమాన్ని) అభిఘాతాలతో, అంటే వస్తువులను ఢీకొట్టించి, పరీక్షించేటప్పుడు ట్రాలీలతో (చిన్న చక్రాల బండ్లతో) వచ్చే ప్రధాన చిక్కు ఘర్షణ. బల్లను కాస్త వాల్చి సరిచేయవచ్చు, కానీ టిక్కర్ టేపు (వేగం కొలవడానికి ట్రాలీకి కట్టే, టైమర్ చుక్కలు పెట్టే కాగితపు పట్టీ) లాగుడు మిగులుతుంది. సెకనుకు 50 చుక్కలు పెట్టే టైమరైతే, ఢీకొనడానికి ముందూ వెనకా దగ్గరి చుక్కలనే కొలవాలి.

ఎయిర్ ట్రాక్‌లో సన్నని రంధ్రాల నుంచి వచ్చే గాలి మీద గ్లైడర్ అనే జారుడు దిమ్మె తేలుతుంది కాబట్టి ఘర్షణ దాదాపు ఉండదు. అందుకే చాలామంది ధీమాగా ఉంటారు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. ట్రాక్ రవ్వంత వాలినా గ్లైడర్ వేగం మారుతుంది. ఢీకొన్న తర్వాత మొత్తం ద్రవ్యవేగం పెరిగినట్టు కనిపిస్తే ఘర్షణను నిందించకండి, ముందు లెవెల్ చూడండి. బెజవాడ ఎండల్లో సీలింగ్ ఫ్యాన్ ఆపడం కష్టమే, అయినా రీడింగు తీసే కాసేపు ఆపాల్సిందే. ఆ గాలి గ్లైడర్‌ను నెడుతుంది.

ఫోటోగేట్ (కాంతి పుంజం ఎంతసేపు అడ్డుపడిందో కొలిచే పరికరం) వాడితే ఫ్లాగ్ (గ్లైడర్ మీద ఉండి ఆ కాంతిని అడ్డుకునే పట్టీ) వెడల్పు కీలకం. 10 సెంటీమీటర్ల ఫ్లాగ్‌లో 1 మిల్లీమీటరు తప్పితే వేగంలో 1 శాతం తేడా. రెండు గ్లైడర్లకూ సరిగ్గా ఒకే వెడల్పు ఫ్లాగ్ ఉంటే, పోలికలో ఆ తప్పు కొట్టుకుపోతుంది. వేర్వేరైతే పోదు.

లెవెల్ సరిచూసే ఓపిక ఉంటే నా ఓటు ఎయిర్ ట్రాక్‌కే. గుంటూరు, విజయవాడ ఇంటర్ పిల్లలకు ఘర్షణ ప్రభావం చూపించాలంటే మాత్రం ట్రాలీలే మేలు.