ఖాళీ చేసే ముందు ఇంటి మరమ్మతులు: పనికి నాలుగు స్టార్లు, అంచనాకు రెండు

కూకట్‌పల్లిలో ఐదేళ్లు అద్దెకున్న ఫ్లాటును ఖాళీ చేసే ముందు, ఓనరుగారు ఎత్తి చూపిన లోపాలన్నీ సరిచేయించి అడ్వాన్సు పూర్తిగా వెనక్కి తీసుకోవాలన్న ఉద్దేశంతో, ఇంటి మరమ్మతులన్నీ ఒకేచోట చేసిపెడతామనే ఒక సంస్థను పిలిపించాను. పేరు రాయడం లేదు.

పనితనంలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. టీవీకీ, పటాలకూ కొట్టిన రంధ్రాలను పుట్టీతో నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూసిన తర్వాతే రంగు వేశారు. వెలసిన గోడ మీద కొత్త రంగు అతుకులా కనబడుతుందని చెప్పి, ఆ ఒక్క గోడకూ మూల నుంచి మూల దాకా వేయడం నాకు నచ్చింది. వాష్‌బేసిన్ కింద బిగించిన పైపు రెండో రోజే కారింది కానీ, ఫోన్ చేసిన సాయంత్రమే వచ్చి సరిచేశారు.

చిక్కంతా అంచనాలోనే ఉంది. వారి మనిషి ఇల్లంతా తిరిగి ఇచ్చిన 24,500 రూపాయల లెక్కలో మొత్తం ఇంటికి రంగులు, పై ఫ్లాటు స్నానాల గది నుంచి దిగిన చెమ్మ, గోడలో తుప్పుపట్టిన పైపు కూడా నా ఖాతాలోనే చేరాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తాను చేరిననాటి స్థితిలోనే అప్పగించాలి, అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు బాధ్యుడు కాడు. 2021 నమూనా అద్దె చట్టం మరింత విడమరిచి, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగులు, పైపుల మార్పు, వైరింగు యజమాని వంతనీ, కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారు వంతనీ రాసింది. రాష్ట్రం ఆమోదిస్తే తప్ప అది అమలులోకి రాదు, కానీ ఓనరుతో కూర్చుని మాట్లాడటానికి మంచి కొలబద్ద.

మా ఒప్పందంలో రంగుల ఊసు లేదు కనుక నా మాట చెల్లింది. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటామని రాయించుకునే ఓనర్లు హైదరాబాదులో తక్కువేమీ కాదు. ఆ కాగితం మీద సంతకం చేసినవారికి 108వ సెక్షన్ అంతగా అక్కరకు రాదు, ఎందుకంటే అందుకు విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడే అది వర్తిస్తుంది.

నేను పట్టుబట్టాక సంస్థవారు బిల్లును రెండుగా విడదీశారు. నా వంతుకు 7,800 వచ్చింది, చెమ్మ, పైపుల ఖర్చు ఓనరుగారు కొంత గొణిగి భరించారు, ఇంటి రంగులు ఆయన వాయిదా వేసుకున్నారు. పని మొదలయ్యే ముందే ఇలా విడిగా రాయించుకుంటే నాకు పట్టిన మూడు రోజుల వాదన మీకు తప్పుతుంది. స్నానాల గదిలో నా చేతి బకెట్టు జారి పగిలిన టైలుకు అదే డిజైను దొరకలేదు. దగ్గరి రంగుది వేశారు, ఆ తేడాకు అడ్వాన్సులో 500 కోత పడింది, దానికి మాత్రం నేను మారు మాట్లాడలేదు.