సీతమ్మధారలో మేడ మీద విలేకరుల క్లాసు: మా అమ్మాయిని పంపాక నా అభిప్రాయం

మా అమ్మాయి ఏడో తరగతి అయింది. ఈ వేసవిలో డ్యాన్సా, కీబోర్డా అని ఆలోచిస్తుంటే మా ఆడపడుచు ఈ క్లాసు సంగతి చెప్పింది. దీనికి బోర్డు లేదు, పేరూ లేదు. పత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరైన ఒక మాస్టారు, మే నెలలో తమ ఇంటి మేడ మీద పిల్లలకు వార్తలు రాయడం నేర్పుతారు. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది మన విశాఖలోనే. అలాంటి ఊళ్లో పిల్లలకు పేపర్ చదివే అలవాటే పోతోందన్న బాధతో మొదలుపెట్టానని చెప్పారు. పది రోజులు, ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర దాకా. ఫీజు 1,500 రూపాయలు. మా బ్యాచ్‌లో పద్నాలుగు మంది.

నేను చేర్పించడానికి ఇంకో కారణం ఉంది. మాది గోపాలపట్నం. 2020 మే 7న మా పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైంది కదా, ఆ రాత్రి మళ్లీ లీకవుతోందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. వెంటనే మూడు గ్రూపుల్లో పెట్టేశాను. ఎవరు చెప్పారని అడగాలన్న ఆలోచనే రాలేదు. నా మెసేజ్ చూసి పక్కింటివాళ్లు చంటిబిడ్డతో అర్ధరాత్రి రోడ్డు మీదికొచ్చేశారు. ఆ బిడ్డ ఏడుపు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

మొదటి రోజు మాస్టారు, 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో జరిగిన అగ్నిప్రమాదం తాలూకు పాత పేపర్లు నేల మీద పరిచారట. ఎన్ని బోట్లు కాలాయో వెతకమంటే ఒక్కోదాంట్లో ఒక్కో అంకె. అప్పట్లో ఒక యూట్యూబరే నిప్పు పెట్టాడని ఊరంతా చెప్పుకున్నాం. కొద్ది రోజులకే పోలీసులు వేరే ఇద్దరిని అరెస్టు చేశారు. ఆ సాయంత్రం మా అమ్మాయి నన్నడిగింది: "ముందు ఆయనే చేశాడని నమ్మినవాళ్లందరికీ, కాదని కూడా తెలిసిందంటావా అమ్మా?"

నాలుగో రోజు పిల్లల్ని హార్బర్‌కే తీసుకెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. మా అమ్మాయి ముగ్గురితో మాట్లాడింది. వల బాగుచేసుకుంటున్న ఒక తాత అయితే, "రాసుకో అమ్మా, కానీ నేను సెప్పిందే రాయి" అన్నాడు.

షెడ్డు నీడన కూర్చుని రాయడం మొదలుపెట్టారు. మా అమ్మాయి మొదటి వాక్యం: "వేట లేక జాలర్లందరూ ఎంతో బాధతో ఉన్నారు." మాస్టారు ఎర్ర పెన్నుతో 'అందరూ' చుట్టూ సున్నా చుట్టారు.

"ఎంతమందితో మాట్లాడావమ్మా?"

"ముగ్గురితో మాస్టారూ."

"బాధగా ఉందని ఎవరన్నారు?"

నోట్‌బుక్ వెనక్కీ ముందుకీ తిప్పింది. ఎవరూ అనలేదు. వల కుట్టుకోవడానికి ఇదే టైమని తాత అన్నాడు. ఒకాయన కూతురి పెళ్లికి చేసిన అప్పు గురించి చెప్పాడు. ఇంకొకాయనకు బోట్లకు రంగులేసే పని దొరికింది. ఆ మూడు మాటలూ రాసి ఇస్తే, "ఇదీ వార్త" అన్నారు మాస్టారు. అప్పుడు దాని మొహం చూడాలి!

లోపాలూ చెప్పాలి. పైన రేకుల షెడ్డు, ఒక్కటే ఫ్యాను. తొమ్మిదిన్నర దాటితే ఉక్కపోతకు పిల్లలు తడిసిపోతున్నారు. నీళ్లు ఇంటి నుంచే పంపండి. వీడియోల గురించి చెప్పడానికి రెండు రోజులు ఒక కుర్రాడు వచ్చాడు. జనం క్లిక్ చేయాలంటే థంబ్‌నెయిల్ ఎలా పెట్టాలో నేర్పాడు. పిల్లలకు అది అక్కర్లేదని మాస్టారితో చెప్పాను.

చివర్లో పిల్లలు రాసినవన్నీ నాలుగు పేజీల పత్రికగా వంద కాపీలు వేయించారు. పేజీలు పెట్టినవాళ్లు మా అమ్మాయి హెడ్డింగ్ తీసేసి 'హార్బర్‌లో ఆకలి కేకలు' అని పెట్టేశారు. చూడగానే ఏడ్చేసింది. "ఆకలని ఎవరూ అనలేదమ్మా. ఆ తాతకి కాపీ ఇస్తానని చెప్పాను" అంది. చివరి ప్రూఫ్ తాను చూడలేదని, తప్పు తనదేనని మాస్టారు పిల్లలందరి ముందూ ఒప్పుకున్నారు. 'సవరణ: ఆకలి గురించి ఎవరూ చెప్పలేదు. ఈ శీర్షిక తప్పు' అని చీటీలు ప్రింట్ తీయించారు. పిల్లలే వాటిని కత్తిరించి వంద కాపీల్లోనూ సరిగ్గా ఆ హెడ్డింగ్ మీదే అంటించారు. క్లాసు పన్నెండున్నర దాకా సాగింది. ఇంటికెళ్దామని ఒక్కరూ అనలేదు. ఈ ఒక్క పనికే నేను కట్టిన ఫీజు చెల్లిపోయింది.

మర్నాడు కాపీ పట్టుకుని హార్బర్‌కి వెళ్లాం. తాత మనవడి చేత చదివించుకుని, తన మాట రెండోసారి చదవమన్నాడు.

తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చి, ఆరో తరగతి దాటిన పిల్లల్ని నిశ్చింతగా పంపొచ్చు. అంతకంటే చిన్నవాళ్లకు రెండున్నర గంటలు కూర్చోవడం కష్టం. మా చిన్నాడు ఇప్పుడు నాలుగే, వాడికింకా టైముంది.