పేరు పక్కన ‘బాట్’ అని ఉంటుంది: లిచెస్‌తో మూడేళ్లకు పైగా

“నాన్నా, అవతల ఆడేది మనిషేనా?” అని మా అమ్మాయి అడిగింది లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైట్‌లో కాదు, అంతకుముందు మేం వాడిన ఇంకో ఆటల యాప్‌లో. అవతల ఉన్నది మనిషి పేరే, పక్కన దేశం జెండా కూడా ఉంది. కానీ బంటు జరపడానికైనా, మంత్రి చిక్కులో పడ్డప్పుడైనా సరిగ్గా మూడే సెకన్లు. పదేళ్ల పిల్లకే అనుమానం వచ్చింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆట గెలిచినా దాని ముఖంలో సంతోషం కనబడలేదు.

2022లో మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ జరిగినప్పుడు చెన్నైలో ఎక్కడ చూసినా చదరంగమే. నేపియర్ వంతెనకు నలుపు తెలుపు గళ్లు వేశారు. బండి మీద దాన్ని దాటి అంబత్తూరు చేరిన రాత్రే లిచెస్‌లో ఖాతా తెరిచాం. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు లేవు. ఇవన్నీ అందరూ చెప్పేవే. నన్ను ఇక్కడ నిలబెట్టింది మాత్రం బాట్ల (మనిషి బదులు తామే ఆడే ప్రోగ్రాముల) మీద వాళ్లు పెట్టిన కట్టడి.

లిచెస్ బాట్లను నిషేధించలేదు, 2018లో వాటికంటూ ఒక దారి తెరిచింది. బాట్ ఖాతా పేరు ముందు ఊదా రంగులో ‘బాట్’ అని కనబడుతుంది. ఒక్క ఆట కూడా ఆడని కొత్త ఖాతానే బాట్‌గా మార్చాలి, మార్చాక వెనక్కి తీసుకోలేం. అవి సాధారణంగా ఒకరినొకరు నేరుగా పిలుచుకునే సవాలు ద్వారానే ఆడతాయి. మామూలుగా ‘ఆడు’ నొక్కి జోడీ కోసం చూసేవాళ్లకు బాట్ ఎదురుపడదు. ఒక్కొక్కరికి ఆట మొత్తానికీ పావు నిమిషమే ఉండే అల్ట్రాబుల్లెట్ కూడా వాటికి లేదు, సర్వర్ మీద మరీ ఎక్కువ అభ్యర్థనలు పడతాయి కాబట్టి. మనిషి ఖాతాలో మాత్రం ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాము) సాయం తీసుకుంటే తప్పే. అలాంటివాడి చేతిలో ఓడినందుకు పోయిన రేటింగ్ (ఆట స్థాయిని చూపే పాయింట్లు) మాకు రెండుసార్లు తిరిగొచ్చింది.

పోయిన ఏడాది పాత ల్యాప్‌టాప్ మీద నేనే ఒక బాట్ నడిపాను. స్టాక్‌ఫిష్ అనే చాలా బలమైన ఇంజిన్‌ను, పైథాన్ భాషలో రాసిన ‘లిచెస్-బాట్’ ప్రోగ్రాముతో కలిపాను. ముందు నా పాత ఖాతానే మార్చబోతే కుదరలేదు, అందులో ఆటలున్నాయి. అప్పుడు విసుగనిపించింది కానీ ఆలోచిస్తే అదే న్యాయం. మనిషిగా సంపాదించిన పేరుతో రేపటి నుంచి యంత్రం ఆడితే, ఆ పేరును నమ్మి సవాలు విసిరినవాడు మోసపోయినట్టేగా? సెట్టింగుల ఫైలులో ఒకసారికి ఒకే ఆట అని పెట్టాను, రేటింగ్ ఆటలు తీసేశాను. స్టాక్‌ఫిష్‌తో మనుషుల రేటింగ్ లాక్కోవడం నాకు నచ్చలేదు.

మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయి రౌటర్ ఆగిపోయింది. అవతలివాడు ముప్పై ఎత్తులు శ్రద్ధగా ఆడి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. బాట్ టైమై ఓడింది. గెలుపు అతనిదే అయినా, ఆట మిగలలేదు. మర్నాడే రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొన్నాను. బాట్ నడిపేవాళ్లందరూ ఇది పట్టించుకోవాలని నా మనవి. అలాగే, ఏ ఇంజిన్ వాడుతున్నారో, ఎంత బలంతో నడుపుతున్నారో ప్రొఫైల్‌లో రాయండి. చాలామంది రాయరు. ఎదుట ఉన్నది బాట్ అని తెలుస్తుంది కానీ, ఎలాంటిదో తెలియక కొత్తవాళ్లు నలిగిపోతారు.

మా అమ్మాయికి బాగా పనికొచ్చింది మాయా అనే బాట్. మైయా అని కూడా అంటారు. లిచెస్ నెలనెలా బయటపెట్టే మనుషుల ఆటల మీదే దానికి శిక్షణ ఇచ్చారు. ఎత్తుల్లో గొప్పది వెతకదు, ఆ స్థాయి మనిషైతే ఏం ఆడతాడో అది ఆడుతుంది, తప్పులతో సహా. 1100 రేటింగ్ మనుషుల ఆటలతో తయారైన ‘మాయా1’తో మొదలుపెట్టి, అమ్మాయి ఇప్పుడు ఇంకా పై స్థాయి ‘మాయా5’తో తలపడుతోంది. గుర్రాన్ని కాపాడకుండా వదిలేసే అలవాటు అక్కడే పోయింది.

నిన్న రాత్రి ‘మాయా5’ మీద ఏనుగుల ముగింపులో గెలిచింది. పరిగెత్తుకొచ్చి, “నాన్నా, బాట్‌ని ఓడించా!” అంది. ఈసారి అవతల ఎవరున్నారో దానికి ముందే తెలుసు.