కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు? ముగ్గురు ట్రైనర్లతో మూడేళ్ళ అనుభవం

మా సుక్కికి ఇప్పుడు నాలుగేళ్ళు. నుదుటి మీద తెల్ల చుక్క ఉందని మా అమ్మ పెట్టిన పేరది. జాతి కుక్కేం కాదు. జడ్చర్ల రోడ్డు పక్కన వానకు తడుస్తుంటే మా పిల్లాడు స్కూలు చొక్కాలో చుట్టి తెచ్చిన ఊరకుక్క పిల్ల. దానికి ముగ్గురు ట్రైనర్లు మారారు, మొత్తం నలభై మూడు వేలు ఖర్చయింది. "మిమ్ముల సర్కారు బడికే తోలితిమి గద బిడ్డా, కుక్కకు ప్రైవేటు చదువా?" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మహబూబ్‌నగర్‌లో కుక్కకు ట్రైనర్ కావాలని అడిగితే నవ్వేవాళ్ళే ఎక్కువ. ఆ నవ్వులు పడి, డబ్బు పోగొట్టుకుని, చివరికి కొంత నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఏడాది నిండేసరికి సుక్కితో మూడు ఇబ్బందులు మొదలయ్యాయి. బయటికి తీసుకెళ్తే మనల్ని ఈడ్చుకుపోయేది. గ్యాస్ అబ్బాయి సిలిండర్‌ను గేటు బయటే దించి పారిపోయేవాడు. అన్నింటికన్నా ముఖ్యం, అన్నం గిన్నె దగ్గరికి ఎవరు పోయినా గుర్రుమనేది.

తెలిసినవాళ్ళు హైదరాబాద్ శివారులో ఒక ట్రైనర్ ఉన్నాడని చెప్పారు. నెల రోజులు అక్కడే ఉంచాలి, పద్దెనిమిది వేలు, "ముప్పై రోజుల్లో గ్యారంటీ సార్". ఆ గ్యారంటీ అన్న మాటకే నేను పడిపోయాను. నాకు ఎలక్ట్రికల్ షాపు ఉంది, ఫ్యానుకైనా రెండేళ్ళ గ్యారంటీ రాసిచ్చేవాణ్ణి. ప్రాణమున్న జీవికి ఎట్లా రాసిస్తాడని ఒక్క నిమిషం ఆలోచించలేదు. మధ్యలో చూడటానికి వస్తామంటే "మీరొస్తే డిస్టర్బ్ అయితది" అన్నాడు. అక్కడే వెనక్కి తెచ్చేసుకోవాల్సింది.

నెల తర్వాత తెచ్చి అప్పగించినప్పుడు సుక్కి ఆయన ముందు సిపాయిలా కూర్చుంది, లేచింది, పక్కనే నడిచింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. మూడో రోజు నేను షాపు నుంచి వచ్చి నడుముకున్న బెల్టు తీస్తుంటే, అది మంచం కిందికి పాక్కుంటూ పోయి అక్కడే మూత్రం పోసేసింది. మెడ చుట్టూ గొలుసు ఒరుసుకున్న చోట వెంట్రుకలు లేవు. ఫోన్ చేస్తే, "కుక్కలు తోడేళ్ళ జాతి సార్, మందలో పెద్ద ఎవరో చూపియ్యాలె, లేకపోతే మీ నెత్తికెక్కుతది" అన్నాడు.

ఆ పెద్దరికం కథ తర్వాత చదివి తెలుసుకున్నాను. దానికి మూలం 1947లో జూలో బంధించిన తోడేళ్ళను చూసి రాసిన ఒక పరిశీలన. ఒకదానికొకటి పరిచయం లేని తోడేళ్ళను ఒకే చోట ఉంచితే కొట్లాడుకోక ఏం చేస్తాయి? అడవిలో తోడేళ్ళ గుంపు అంటే ఎక్కువగా అమ్మానాన్నా, పిల్లలే. ఈ ఆల్ఫా, అంటే మందకు పెద్ద, అన్న మాట బాగా వ్యాపించడానికి కారణమైన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే తర్వాత 1999లో ఆ మాట సరికాదని రాశాడు. మన దగ్గర మాత్రం ఇంకా అదే నడుస్తోంది.

ఆయన దగ్గర నుంచి వచ్చాక సుక్కి గిన్నె దగ్గర గుర్రుమనడం మానేసింది. పీడ పోయింది అనుకున్నాం. నెలన్నర తర్వాత గిన్నె పక్కన పడ్డ బంతి తీసుకోబోయిన మా పిల్లాడి మణికట్టు పట్టేసింది. చప్పుడు లేదు, గుర్రు లేదు, నేరుగా పన్నే. సబ్బుతో పదిహేను నిమిషాలు కుళాయి కింద కడిగి, ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తాం. సుక్కికి రేబిస్ టీకా వేయించే ఉన్నా, డాక్టర్ వాడికి పూర్తి కోర్సు వేయించమన్నారు. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగుసార్లు వాణ్ణి బండి మీద కూర్చోబెట్టుకుని పోతూ ఒకటే అనుకున్నాను. లారీకి బ్రేకులు బాగు చేయమని ఇస్తే, వీడు హారన్ పీకేసి ఇచ్చాడు. గుర్రు అనేది కుక్క మనకిచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే లోపలి భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది.

రెండో ఆయన పోలీసు డాగ్ స్క్వాడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, షాపుకొచ్చే ఒక కస్టమర్ ద్వారా పరిచయం. మొయినాబాద్ అకాడమీలో పోలీసు జాగిలాలను ఎలా తయారుచేస్తారో కథలు కథలుగా చెప్పేవాడు. అక్కడ కుక్కతో పాటు హ్యాండ్లర్ కూడా నెలల తరబడి ట్రైనింగ్ తీసుకుంటాడట. కుక్క ఒక్కటే నేర్చుకుని రావడం అనేది ఉండదు. ఆ ఒక్క మాటతో మొదటి పద్దెనిమిది వేలు ఎందుకు నీళ్ళపాలయ్యాయో తెలిసింది. ఆయన ఆరు రోజులు పొద్దున్నే వచ్చి, పట్టీ వదులుగా పట్టుకోవడం, అది లాగితే చెట్టులా నిలబడిపోవడం, వదులు చేయగానే మళ్ళీ నడవడం నాకు నేర్పాడు. అదొక్కటి బాగా కుదిరింది. గిన్నె సంగతి అడిగితే మాత్రం నిజాయితీగా చెప్పాడు. "మాది డ్యూటీ కుక్క సార్, మీది ఇంటి కుక్క. భయపడ్డదాన్ని బాగు చేసే విద్య వేరే. నాతోని కాదు." మూడు వేలు తీసుకుని సెలవు తీసుకున్నాడు. తనకు రానిది రాదని చెప్పినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మూడో ఆవిడ హైదరాబాద్ నుంచి. వారానికొక వీడియో కాల్, మూడు నెలల్లో నాలుగుసార్లు ఇంటికి రావడం, ప్రయాణ ఖర్చులతో కలిపి ఇరవై రెండు వేలు. మన దగ్గర కుక్కల ట్రైనర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఈమెకు సీపీడీటీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది. కనీసం మూడు వందల గంటల అనుభవం చూపించి పరీక్ష రాయాలి, మూడేళ్ళకొకసారి రెన్యూవల్ చేసుకోవాలి. ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు. నేను చూసుకున్నాను, ఆమే చూసుకోమంది.

ఆమె మొదటి రోజు సుక్కిని ముట్టుకోలేదు. ముందు పశువుల డాక్టరుకు చూపించమంది. చూపిస్తే కుడి చెవి లోపల చీము! ఎన్నాళ్ళ నుంచి నొప్పి పడుతోందో పాపం. తల దగ్గరికి చెయ్యి పోతే కసిరేదంటే కసరదా మరి? ఇద్దరు ట్రైనర్లకూ, వాళ్ళకన్నా ముందు నాకూ, ఆ ఆలోచనే రాలేదు.

తర్వాత మా ఇంట్లో మాటలు విని నవ్వింది. నేను "సిట్" అంటాను, మా ఆవిడ "కూర్చో", మా అమ్మ "కూసో", పిల్లాడు "డౌన్". కుక్కకు భాష రాదు, శబ్దమే గుర్తు. ఒక్క మాట ఖాయం చేసుకోమంటే ఓటింగ్ పెట్టాం, అమ్మ గెలిచింది. అందుకే మా సుక్కికి ఇంగ్లీషు రాదు. కూసో, ఆగు, రా, ఇడువు. ఈ నాలుగే.

గిన్నె పని చాలా నెమ్మదిగా సాగింది. సుక్కి తింటుంటే దూరం నుంచి నడిచి వస్తాం. దాని ఒళ్ళు బిగుసుకునే చోటుకు ఒకడుగు ముందే ఆగి, చికెన్ ముక్క ఒకటి విసిరి వెనక్కి వెళ్ళిపోతాం. మొదట్లో ఆ చోటు ఎనిమిది అడుగులు. మనిషి వస్తే అన్నం పోదు, ఇంకా మంచిది వస్తుంది అని దానికి నమ్మకం కుదరాలి. ఎనిమిది అడుగులు రెండడుగులు కావడానికి పది వారాలు పట్టింది. ఒకసారి మావాడు తొందరపడి దగ్గరికి పోతే మళ్ళీ ఆరడుగుల నుంచి మొదలు. మెచ్చుకోలు కూడా ఒకటి రెండు సెకన్లలోపే అందాలట. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నామో దానికి అర్థం కాదు. ముక్క బఠాణీ గింజంత ఉంటే చాలు. ఇంట్లో అయితే జొన్నరొట్టె తునకకే పని చేస్తుంది, వీధి కుక్కలున్న చోట ఉడికించిన కోడి లివరే కావాలి. కష్టాన్ని బట్టి కూలి అన్నమాట! మా అమ్మ కూరలోని ముక్కలు పెట్టబోతే ట్రైనరమ్మ ఆపింది. ఉల్లిపాయ కుక్కలకు విషం.

ఈమె దగ్గరా లోపాలున్నాయి. మొదటి నెల చెప్పుకోదగ్గ మార్పే కనిపించలేదు, మానేద్దామనుకున్నాను. వీడియో కాల్‌లో సగం మాటలు ఆగిపోయేవి. హోంవర్కు మాత్రం రోజూ మూడుసార్లు, అయిదేసి నిమిషాలు. షాపు మూసి వచ్చాక ఓపిక ఉండేది కాదు, నా వంతు మా ఆవిడే చేసేది. ఎండాకాలం పాఠాలన్నీ పొద్దున ఆరున్నరలోపే. తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించొద్దని చెప్పింది. ఏప్రిల్‌లో పాలమూరు రోడ్డు మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. దీపావళి బాంబులకు సుక్కి ఇంకా వణుకుతుంది. రెండు నెలల ముందు నుంచి చప్పుళ్ళ రికార్డింగ్ చిన్నగా వినిపిస్తే సగం తగ్గింది, అంతే. కోతుల విషయంలో ఫలితం సున్నా. పెద్ద చెరువు కట్ట మీద కోతి కనబడితే మా నాలుగు మాటలూ గాలికి పోతాయి. అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను.

ట్రైనర్ని వెతుక్కునేవాళ్ళు ఫీజు అడగడానికి ముందు ఒకటి అడగండి. కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు? నేను అడిగింది చివరి ఆవిడను మాత్రమే. మొదటాయన్ని అడిగుంటే "గొలుసు ఒక్క గుంజు గుంజితే సెట్ అయితది" అని గర్వంగానే చెప్పేవాడు, దాచుకునే రకం కాదు. డాగ్ స్క్వాడ్ ఆయన "ఆపి మళ్ళీ మొదటి నుంచి చేయిస్త" అనేవాడు, చేసిందీ అదే. ఈమె చెప్పింది నాకు అప్పుడు అర్థం కాలేదు: "దానికి చేతకానంత పని నేనెందుకు ఇచ్చానో చూసుకుంటాను." షాపులో కుర్రాడు ఫ్యాను తప్పు బిగించినప్పుడల్లా ఇప్పుడు ఆ మాటే గుర్తొచ్చి, తిట్టబోయి ఆగిపోతున్నాను.

మొన్న గ్యాస్ అబ్బాయి మొదటిసారి సిలిండర్‌ను వంటింటి దాకా తెచ్చాడు. సుక్కి గోనెపట్టా మీద నుంచి సగం లేచింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే "కూసో" అంది. సుక్కి కూర్చుంది. వాడూ భయపడి సిలిండర్ మీద కూర్చున్నాడు.