పాత రెజ్లింగ్ మ్యాచులకు నా రేటింగులు, ఓడినోన్ని చూసి ఇచ్చిన మార్కులు

ముందే చెప్తున్న, నేను గెలిచినోన్ని చూసి మార్కులు ఇయ్య. ఎవరు గెలవాల్నో కంపెనీ ముందే రాసిపెట్టుకుంటది, గది అందరికి ఎరుకే, గట్లాంటప్పుడు గెలిచిండని చప్పట్లు కొడితే ఆ చప్పట్లు రాసినోనికి పోతయి గాని ఆడినోనికి పోవు. ఓడినోడు ఎట్ల ఓడిండు, ఓడినంక వాని ఇజ్జత్ పెరిగిందా తగ్గిందా, మల్ల వాడు వస్తే జనం లేచి నిలబడ్డరా లేదా, నా రేటింగ్ మొత్తం దీని మీదనే ఉంటది. 5కి ఎన్ని అనేది గట్లనే చెప్త.

మా చిన్నప్పుడు హన్మకొండల బడి పక్కన కిరాణ దుకాన్ల డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ, అమెరికా రెజ్లింగ్ కంపెనీ) కార్డులు అమ్మేటోళ్ళు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడిండు, ఎన్ని గెలిచిండు, ఇవే అచ్చేసి ఉండేది, ఇంటర్వెల్ల పోరగాళ్ళందరం గవి పట్టుకొని గుండ్రంగ కూసునేది. ఎక్కువ గెలిచినోడే పెద్దోడు అని ఆ కార్డులల్ల లెక్క. అండర్‌టేకర్‌కు ఏడు పానాలు ఉన్నయట, సచ్చి మల్ల లేస్తడట అని క్లాసుల ఒకడు చెప్తే సాయంత్రంకల్లా బడి మొత్తం నమ్మేది. కార్డు మీద ఏ రెజ్లర్ ఎట్ల ఓడిండో ఉండదు గద, అసలు ముచ్చట ఆడనే ఉంది.

మా అమ్మమ్మోళ్ళది బాన్సువాడ దిక్కు, ఆ వైపు ఊర్లల్ల హోలికి, జాతరలకు ఇప్పటికి కుస్తీ పోటీలు పెడ్తరు. కొబ్బరికాయ కుస్తీతోని మొదలై ఆఖరికి వెండి కడియం కుస్తీ దాక పోతది. ఆడ కడియం గెలిచినోన్ని భుజాల మీద ఎత్తుకుంటరు నిజమే గాని, మంచిగ పట్టువట్టి ఓడినోడు ఒంటికి అంటిన మట్టి దులుపుకుంట బయటికి వస్తుంటే ముసలోళ్ళు పిలిచి వీపు తట్టి చేతిల ఇంత పైస పెడ్తరు. ఆడ కూసున్నోళ్ళకు ఆట తెల్సు కాబట్టి గట్ల చేస్తరు. రెజ్లింగ్ మ్యాచ్ చూసేటప్పుడు గూడ నేను గా ముసలోళ్ళ లెక్కనే కూసుంట.

ఇగ మొదటిది, అన్నిటికంటే పైన పెట్టేది. రెజిల్‌మేనియా 13 (రెజిల్‌మేనియా అంటే ఆ కంపెనీ ఏడాదికొకసారి పెట్టే అన్నిటికంటే పెద్ద షో), 1997 మార్చి 23, చికాగో దగ్గర రోజ్‌మాంట్ల. బ్రెట్ హార్ట్, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్. సబ్మిషన్ మ్యాచ్, అంటే భుజాలు నేలకు ఆనిచ్చి మూడు లెక్కవెట్టుడు లేదు, ఎదుటోడు ఒప్పుకోవాలె, "నాతోని కాదు" అనాలె. రెఫరీగ కెన్ షామ్రాక్‌ను పెట్టిండ్రు, ఆయన యూఎఫ్‌సీల నిజం కొట్లాటలు కొట్లాడి వచ్చినోడు, కాబట్టి ఆయన చెయ్యి ఊపి ఆపిండంటే దానికొక బరువు ఉంటది. లోపలికి వచ్చినప్పుడు జనానికి బ్రెట్ మంచోడు, ఆస్టిన్ చెడ్డోడు. 22 నిమిషాలు గడిచేసరికి మొత్తం ఉల్టా అయితది, గదే దీన్ల గొప్పతనం.

బ్రెట్ చేసే పని మంచిగ గమనించుండ్రి. ఆస్టిన్ మోకాలు మీద పడ్తడు, రింగు స్తంభానికి కాలు చుట్టి వెనకకు వేలాడి గుంజుతడు, కుర్చీ తీస్తడు. ఆఖరికి షార్ప్‌షూటర్ పట్టు వేసేది గూడ కాళ్ళ మీదనే కాబట్టి ముందునుంచి కొట్టిన ప్రతి దెబ్బ ఆడికి దారి వేసుకుంట పోతది, ఒక్క దెబ్బ గూడ ఉత్తగ పోలేదు. జనంల పడి కొట్టుకునుడు, మెట్ల మీద కొట్టుకునుడు అన్ని అయినంక ఆస్టిన్ ఒక వైరు పట్టుకొని బ్రెట్ మెడకు చుడ్తడు, బ్రెట్ చేతికి రింగు పక్కన కొట్టే గంట అందితే గదే తీసి ఆస్టిన్ తలకు కొడ్తడు. ఇగ ఆడికెల్లి షార్ప్‌షూటర్. ఆస్టిన్ నొసలు పగిలి రక్తం ముక్కు మీదికెల్లి పండ్ల సందులకు దిగుతుంటది, మొఖం కెమెరాకు ఎదురుంగ, నోరు పెద్దగ తెరిచి అరుస్తుండు గాని "ఒప్పుకుంట" అనే మాట మాత్రం నోట్లకెల్లి రాదు. ఒకసారి రెండు చేతులు నేలకు ఆనిచ్చి లేస్తడు, పట్టు ఊడేటట్టు అయితది, బ్రెట్ మల్ల గట్టిగ బిగిస్తడు. ఆస్టిన్ సోయి తప్పుతడు. షామ్రాక్ ఆపుతడు.

రాసిన లెక్క ప్రకారం ఆస్టిన్ ఓడిండు. కాని ఒప్పుకోలే. మ్యాచ్ అయినంక గూడ బ్రెట్ పడిపోయినోని కాలు మీద కొడుతుంటే షామ్రాక్ నడుం పట్టి ఎత్తి పడేస్తడు, బ్రెట్ తిట్లు తినుకుంట బయటికి పోతడు, ఆస్టిన్ ఎవరి ఆసరా తీసుకోకుంట కుంటుకుంట ఒక్కడే నడుస్తడు, హాలు మొత్తం అతని పేరు అరుస్తుంటది. ఒక్క ఓటమితోని మనిషి ఇంత పెద్దగైనది నేను ఇంకోటి చూడలే. ఆ తర్వాత సంవత్సరం రెజిల్‌మేనియాల ఆస్టిన్ ఛాంపియన్ అయిండు, కాని ఆస్టిన్ ఆస్టిన్ అయ్యింది ఓడిన రాత్రే. 5కి 5. డేవ్ మెల్ట్‌జర్ అని అమెరికాల ఎన్నో ఏండ్ల నుంచి పత్రికల మ్యాచులకు చుక్కలిచ్చే ఆయన గూడ దీనికి ఐదు ఇచ్చిండు.

దీన్ని మా అల్లునికి, అంటే మా అక్క కొడుక్కు, మొన్న చూపెట్టిన. ఇంటర్ చదువుతుండు, వాడు మొదటినుంచి "మామా, ఎవరు గెలుస్తరో ముందే తెల్సినంక ఏం జూస్తవ్ మామా" అనే రకం. బ్రెట్ గంట చేతిల పట్టుకునే దాక వాని కండ్లు ఫోన్ల ఉన్నయి. ఆస్టిన్ మొఖం దగ్గరికెల్లి చూపెట్టినప్పుడు ఫోన్ బోర్ల పెట్టిండు, "ఒప్పుకోడా మామా?" అని అడిగిండు. నేనేం చెప్పలే.

రెండోది రెజిల్‌మేనియా 3, 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్, మాచో మ్యాన్ రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్. ఆ రోజు జనం వచ్చింది హల్క్ హోగన్, ఆండ్రీ ద జెయింట్ కోసం, కంపెనీ చెప్పిన లెక్క 93,173 మంది, ఆ లెక్క మీద కొట్లాట ఇప్పటిదాక నడుస్తనే ఉంది. కాని ఆట చూసినోళ్ళు యాది పెట్టుకున్నది సావేజ్, స్టీమ్‌బోట్‌నే. అంతకుముందే సావేజ్ గంట తోని స్టీమ్‌బోట్ గొంతు మీద కొట్టి ఆయన్ను మాట్లాడనియ్యకుంట చేసినట్టు కథ పెట్టిండ్రు, ఇగ ఇక్కడ గూడ ఆ గంటనే మల్ల చేతిల పట్టుకున్నప్పుడు కథ తిరిగి అదే ఆడికి వస్తది. సావేజ్ ఈ మ్యాచును ప్రతి అడుగు ముందే కాగితం మీద రాసుకొని, ఇద్దరు బట్టీ పట్టేటట్టు ఒకరినొకరు అడుక్కున్నరంట. 14 నిమిషాల 35 సెకన్లే, కాని ఒకటి, రెండు దాక పోయి భుజం లేచే సందర్భాలు చాన ఉన్నయి, ఊపిరి తీసుకోనియ్యరు.

ఇంత కష్టపడి రాసుకున్న మనిషి రాసుకున్నది తన ఓటమినే, గది ఆలోచించుండ్రి. ఆఖర్ల సావేజ్ ఎత్తి పడేయవోతే స్టీమ్‌బోట్ గాలిలనే చుట్టుకొని కిందికి గుంజి చిన్నగ మడతపెట్టి పిన్ చేస్తడు, అంటే భుజాలు నేలకు ఆనిచ్చి మూడు లెక్కవెట్టిస్తడు, సావేజ్ దగ్గరున్న ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు (పెద్ద ఛాంపియన్ బెల్టు తర్వాతది) పోతది. తెల్లారి రెండు పేర్లు పక్కపక్కనే నిలబడ్డయి. నడుమల స్టీమ్‌బోట్ దిక్కు నిలబడ్డ ఇంకో రెజ్లర్ జార్జ్ స్టీల్ వచ్చి సావేజ్‌ను తాళ్ళ మీదికెల్లి నెట్టేసుడు నాకు నచ్చది, ఆ మనిషి లేకుంటనే స్టీమ్‌బోట్ గెలవాలె. అందుకే అర మార్కు తగ్గించిన, 5కి 4.5.

అదే రోజు హోగన్, ఆండ్రీ మ్యాచ్ ఆట లెక్కన చూస్తే చాన నిదానం. ఆండ్రీకి వీపు ఆపరేషన్ అయ్యి ఉండె, బట్టల లోపట పట్టీ కట్టుకొని దిగిండు. అయినా హోగన్ ఆయన్ను ఎత్తేటప్పుడు ఆండ్రీ ఎత్తనిచ్చిండు, ఆ నొప్పితోని. ఆయన ఆ రోజు ఇచ్చింది చిన్నది కాదు. ఆటకు 2, ఆండ్రీకి ఇంకో 1.5, మొత్తం 3.5.

రెజిల్‌మేనియా 10, 1994 మార్చి 20, మాడిసన్ స్క్వేర్ గార్డెన్, ఇక్కడ ఒకే రాత్రి రెండు దొరుకుతయి. మొదటి మ్యాచే బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్, సొంత అన్నదమ్ములు. చిన్నోడు అన్న నీడల ఉన్నోడు, జనం గూడ అన్న దిక్కే. ఇరవై నిమిషాలు పట్లు, విడిపించుకునుడు, తమ్మునికి కోపం వచ్చి చెంప మీద కొట్టుడు, చివరికి అన్న విక్టరీ రోల్ (ఎదుటోని భుజాల మీదికెల్లి దొర్లి పిన్ చేసే పట్టు) చేయవోతే తమ్ముడు కిందికి కూలబడి భుజాలు ఆనిచ్చేస్తడు, శుభ్రంగ గెలుస్తడు, మోసం లేదు. బ్రెట్ అదే రాత్రి ఆఖరి మ్యాచ్ల యోకోజునాను గెలిచి ఛాంపియన్ అయితడు, అందరు భుజాల మీద ఎత్తుకుంటరు, ఓవెన్ దారిల నిలబడి చూస్తుంటడు. "నేను కొట్టిన మనిషి ఛాంపియన్ అయిండు" అని ఒక్క మాట మాట్లాడకుంట మొఖంతోని చెప్పిండు. అన్న పెద్ద మనసుతోని ఓడిపోయి తమ్మున్ని నిలబెట్టిండు. 1999 మేల కాన్సస్ సిటీల పైనుంచి దించే తాడు ఊడి ఓవెన్ పోయిండు, అందుకే ఇది చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తది. 5కి 5, ఎవరన్న తగ్గిస్తే నేను కొట్లాడ్త.

అదే రాత్రి రేజర్ రామోన్, షాన్ మైకేల్స్ నిచ్చెన మ్యాచ్. బెల్టులు పైన వేలాడుతుంటయి, నిచ్చెనెక్కి తీసుకోవాలె. రేజర్ తీసుకున్నడు, షాన్ కాలు తాళ్ళల్ల ఇరుక్కొని చూసుకుంట ఉండిపోయిండు. ఇయ్యాల ఎవలన్నా అడిగితే ముందు షాన్ పేరే చెప్తరు, నిచ్చెన మీదికెల్లి దుంకిన దుంకుడు చెప్తరు. 4.5.

ఇగ రెజిల్‌మేనియా 25, 2009 ఏప్రిల్ 5, హ్యూస్టన్. అండర్‌టేకర్, షాన్ మైకేల్స్. రెజిల్‌మేనియాల అండర్‌టేకర్ 16 గెలిచి ఒక్కటి గూడ ఓడలే, షాన్ తెల్లబట్టలల్ల పైనుంచి దిగుతడు, టేకర్ కిందికెల్లి లేస్తడు, అరగంట దాటి నడుస్తది. నడుమల ఒకసారి టేకర్ తాళ్ళ మీదికెల్లి బయటికి దుంకితే పట్టుకోవాల్సినోడు సరిగ పట్టలే, నెత్తి నేలకు తగులుతది, అది చూస్తే పానం పోయినంత పనైతది. టూంబ్‌స్టోన్ (తలకిందులుగ పట్టుకొని నెత్తి నేలకు కొట్టే టేకర్ దెబ్బ) తోని ఎవడన్నా లేస్తడా అనుకుంటే షాన్ భుజం లేపుతడు, అప్పుడు టేకర్ మొఖం చూడాలె, కండ్లు పెద్దగ చేసి నోట మాట రానట్టు. ఆఖరికి షాన్ గాలిలకు దుంకితే పట్టుకొని మల్ల టూంబ్‌స్టోన్, అయిపోతది. ఓడింది షాన్, కాని ఆ ఓటమితోనే మరుసటేడు తన కెరీరే పందెం పెట్టి మల్ల సవాలు చేసిండు. 5కి 5.

మ్యాన్‌కైండ్, అండర్‌టేకర్ పంజరం మ్యాచ్, 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్. రీల్సల్ల అందరు చూసేది ఇదే, పంజరం మీదికెల్లి టేబుల్ మీదికి పడేసేది. మ్యాన్‌కైండ్ అసలు పేరు మిక్ ఫోలీ, ఆయన ధైర్యానికి చేతులెత్తి దండం పెడ్త, ఓడి గూడ ఆయన పేరే మిగిలింది, నా లెక్కకు సరిపోతది. కాని రెండోసారి పైకప్పు జాలీ ఊడి కింద పడ్డది అసలు ప్లాన్ల లేనిది, మనిషి పానం మీదికి వచ్చింది, దాన్ని ఆట అని మెచ్చుకునుడు నాకు ఇష్టం లేదు. 3. చిన్న పోరలకు అస్సలు చూపెట్టొద్దు.

రాక్, హల్క్ హోగన్, 2002 మార్చి 17, టొరంటో. హోగన్ విలన్‌గ వచ్చిండు, జనం ఒప్పుకోలే, ఆయన కోసమే అరిచిండ్రు, రాక్ అర్థం చేసుకొని ఆట తీరు మార్చిండు. గెలిచినంక రాక్ పక్కకు జరిగి ఓడినోన్ని నడిమిట్ల నిలబెట్టిండు. ఆటల మెరుపులు లేవు, కాని జనం సప్పుడు కోసం సౌండ్ పెంచి చూడుండ్రి. 4.

మనోడు గ్రేట్ ఖలీ 2006 మేల జడ్జిమెంట్ డే అనే షోల అండర్‌టేకర్‌ను ఓడగొట్టిండు. హిమాచల్ మనిషి అంత పెద్దోన్ని పడగొట్టిండని మన దగ్గర పోరలకు పండుగే, ఆ సంబురం అబద్ధం కాదు. కాని మ్యాచుగ చూస్తే టేకర్‌కు తిప్పి కొట్టే సందు పెద్దగ ఇయ్యలే, ఓడినోనికి ఏం మిగల్లే, ఖలీకి గూడ నిజంగ ఏం మిగల్లే. 1.

జపాన్ ది ఒకటి తప్పకుంట చూడుండ్రి, 1994 జూన్ 3, టోక్యోల బుడోకాన్ హాలు, మిసావా, కవాడా. కామెంటరీ మాట అర్థం కాకున్నా ఏం ఫరక్ పడదు, దెబ్బల సప్పుడు, జనం సప్పుడు చాలు. కవాడా ఒకప్పుడు మిసావాకు జోడీ, బడిల గూడ మిసావా ఒక ఏడు సీనియర్, జీవితమంతా ఆ మనిషి వెనకనే. లేచిన ప్రతిసారి మల్ల పడ్తడు, పడ్డ ప్రతిసారి లేస్తడు, ఆఖరికి మిసావా నెత్తి మీద పడేటట్టు టైగర్ డ్రైవర్ 91 వేసేదాక ఆగడు. అంత పెద్ద దెబ్బ వేస్తే గాని కవాడా ఆగలేదంటే, ఓడినోనికి అంతకన్న ఇజ్జత్ ఏం ఇస్తరు. 5కి 5.

చూసేటోళ్ళకు ఒక్క ముచ్చట. 2025 ఏప్రిల్ నుంచి మన దగ్గర డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌ఫ్లిక్స్ల వస్తుంది, యూట్యూబ్ల గూడ కంపెనీ వాళ్ళే పాత మ్యాచులు పూర్తిగ పెడ్తుంటరు. రీల్సల్ల ముక్కలు చూసి మార్కులు వేయకుండ్రి, ఎంట్రీ నుంచి ఆఖరి గంట దాక చూడుండ్రి, గంట కొట్టినంక గూడ ఇంకో రెండు నిమిషాలు ఆపకుండ్రి, ఎందుకంటే ఓడినోడు లేచి పోయేది అప్పుడే. కొత్తోళ్ళయితే బ్రెట్, ఓవెన్ తోని మొదలువెట్టుండ్రి, బ్రెట్, ఆస్టిన్ రెండోది, కవాడాది అన్నిటికంటే లాస్ట్‌కు.