కొల్లేరు హద్దు: కాంటూరు గీతా, శాటిలైట్ చిత్రమా?

కొల్లేరుకి మ్యాప్ గీసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది సరస్సు హద్దు దేన్ని బట్టి పెట్టాలనేది.

కాంటూరు అంటే సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీత, దాని సంగతి తేలికే. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు +5 అడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు తీసుకున్నారు. వానాకాలమైనా వేసవైనా ఆ గీత కదలదు, సర్వే నంబర్లతో పోల్చి చూడొచ్చు. కానీ లోపల ఏం జరుగుతోందో చెప్పదు.

అది చెప్పేది శాటిలైట్. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల వివరంతో, దాదాపు 5 రోజులకోసారి, ఉచితంగా దొరుకుతాయి. అయితే ఇక్కడే అసలు చిక్కు: కొల్లేరు లోపల తవ్విన చేపల చెరువులోవీ నీళ్లే, సరస్సులోవీ నీళ్లే, నీటిని మాత్రమే గుర్తించి అంతా నీలం రంగు వేసేస్తే చూసేవాళ్లు కొల్లేరు నిండుగా, ఆరోగ్యంగా ఉందనుకుంటారు, ఇంతకంటే ప్రమాదకరమైన మ్యాప్ ఉండదు. చెరువులు గట్లతో నలుపలకలుగా కనిపిస్తాయి కాబట్టి ఆకారం చూసి వాటికి వేరే రంగు ఇవ్వాల్సిందే. ఇంకోటి, కొల్లేరులో కలిసే బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగే రోజుల్లో పైన మబ్బులుంటాయి, అప్పుడు మబ్బుల్లోంచి కూడా చూడగల సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రాలు వాడుకోవాలి.

హద్దుకి మాత్రం నేను కాంటూరునే నమ్ముతాను. నీళ్లు తగ్గాయని హద్దు జరిపితే ఆక్రమణకి దారి ఇచ్చినట్టే. శాటిలైట్ పొరలు దాని లోపల సీజన్ వారీగా వేయాలి, సరస్సు నీళ్లని సముద్రానికి తీసుకెళ్లే ఉప్పుటేరు దాకా నీటి దారి చూపించాలి, ఊళ్ల పేర్లు తెలుగులో ఉండాలి.