ఏడేళ్ళుగా సొంత వెబ్‌సైట్, గూగుల్ ప్రొఫైల్, యాడ్స్ వాడుతున్నాను, నా అనుభవం ఇదీ

మాది ప్రింటర్లు బాగుచేసే చిన్న వ్యాపారం, నాతో కలిపి ముగ్గురం. 2018 చివర్లో మొదటి వెబ్‌సైట్ చేయించుకున్నాం. అప్పటి నుంచి వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైటు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో వ్యాపారం వివరాలు కనిపించే పేజీ) ఆపకుండా నడుస్తున్నాయి, సెర్చ్ యాడ్స్ (గూగుల్‌లో వెతికేవాళ్ళకి కనిపించే ప్రకటనలు) మాత్రం ఒకసారి ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాను. కొత్తగా చేయించుకున్న వారంలో ఎవరికైనా అంతా బాగానే కనిపిస్తుంది. రెన్యువల్ తేదీ వచ్చినప్పుడు, సైటు కట్టిన మనిషి ఫోన్ ఎత్తనప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ఇన్నేళ్ళు వాడాక రాస్తున్నాను.

ముందు డొమైన్ (సైటుకి అడ్రస్‌గా ఉండే పేరు) సంగతి చెప్పాలి, గట్టి దెబ్బ తిన్నది అక్కడే. సైటు కట్టిన డెవలపర్ డొమైన్‌ని తన అకౌంట్‌లో, తన ఈమెయిల్ మీద రిజిస్టర్ చేశాడు. "అన్నీ నేను చూసుకుంటాను సార్, మీకెందుకు టెన్షన్" అన్నాడు, నాకూ అదే మంచిదనిపించింది. రెండేళ్ళ తర్వాత ఒక సోమవారం పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి "ఏమండీ, మీరు మూసేశారా?" అని అడిగారు. సైటు తెరిచి చూస్తే మా పేరే లేదు, ఎవరివో యాడ్ లింకులున్న పేజీ ఒకటి వచ్చింది. గడువు తీరిపోయింది, రెన్యువల్ నోటీసులన్నీ అతని ఈమెయిల్‌కి వెళ్ళాయి, అతనేమో ఆ పని మానేసి వేరే ఉద్యోగంలో చేరిపోయాడు, నంబర్ కూడా మారింది. మా ఈమెయిల్ కూడా అదే డొమైన్ మీద ఉండటంతో కస్టమర్లు పంపిన మెయిల్స్ తిరిగి వెళ్ళిపోతున్నాయి. ఇలా పదకొండు రోజులు నడిచింది, ఆ రోజుల్లో నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

డాట్ కామ్ పేరు గడువు తీరిన రోజే చేజారిపోదని నాకు అప్పుడే తెలిసింది. రిజిస్ట్రార్‌ని (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీని) బట్టి 45 రోజుల దాకా మామూలుగా రెన్యువల్ చేసుకునే వీలు ఉండొచ్చు, అది దాటి డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది, అందులో విడిపించుకోవాలంటే అదనంగా కట్టాలి, అదీ దాటితే 5 రోజులు పెండింగ్ డిలీట్, అంటే పేరు పూర్తిగా తొలగిపోయే ముందు దశ, ఇక ఆ తర్వాత ఎవరైనా కొనేసుకోవచ్చు. మేం ఇంకా మొదటి దశలోనే ఉన్నాం కాబట్టి బతికిపోయాం. తెలిసినవాళ్ళని పట్టుకుని అతని కొత్త నంబర్ సంపాదించి, అకౌంట్ తెరిపించి, డబ్బు కట్టి, ట్రాన్స్‌ఫర్ కోడ్ (డొమైన్‌ని వేరే చోటికి మార్చుకోవడానికి కావలసిన పాస్‌వర్డ్ లాంటిది) తీసుకుని డొమైన్‌ని నా పేరు మీదకి మార్చుకున్నాను. అతను మోసం చేశాడని నేననను, పట్టించుకోవడం మానేశాడు, అంతే. కానీ నష్టపోయింది మేమే కదా. ఇప్పుడు రిజిస్ట్రార్, హోస్టింగ్ (సైటు ఫైళ్ళు ఉండే సర్వర్) లాగిన్లు, ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్, యాడ్స్‌లో అడ్మిన్, నాలుగూ నా ఈమెయిల్ మీదే ఉన్నాయి. పని చేసేవాళ్ళకి వాళ్ళ పనికి సరిపడా యాక్సెస్ ఇస్తాను, పని అయిపోగానే తీసేస్తాను.

సైటు విషయానికొస్తే, మొదటిది చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. పైన తిరిగే స్లైడర్, అందులో ఐదు ఫోటోలు, ఒక్కోటీ కెమెరా నుంచి తీసింది తీసినట్టే పెట్టిన 4, 5 ఎంబీ ఫైలు. నా కంప్యూటర్‌లో చకచకా తెరుచుకునేది కాబట్టి ఏ లోపం కనిపించలేదు. ఒకరోజు ఒక పెద్దాయన ప్రింటర్ తీసుకుని వచ్చి, మా ముందే నిలబడి ఫోన్‌లో సైటు తెరిచి చూపించారు. తెల్ల స్క్రీన్. కాసేపటికి పేరు వచ్చింది, ఇంకాసేపటికి స్లైడర్ వచ్చింది, ఆయన నంబర్ మీద వేలు పెట్టి నొక్కుతున్నారు, ఏమీ జరగడం లేదు. నంబర్‌ని బొమ్మలో రాసి పెట్టారు మరి, నొక్కితే ఎలా కలుస్తుంది! "మొన్న ఫోన్ చేద్దామంటే ఇదీ పరిస్థితి, అందుకే నేరుగా వచ్చేశాను" అన్నారు. అలా వచ్చేసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఆయన వెళ్ళాక నేను చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

2021లో వేరే డెవలపర్‌తో మొత్తం మళ్ళీ చేయించాను. స్లైడర్ తీసేశాం, ఫోటోలన్నీ వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చి ఒక్కోటీ 150 కేబీ లోపు పెట్టాం, నంబర్ పైనే ఉంటుంది, నొక్కితే కాల్ వెళ్తుంది. ఏ ఏ కంపెనీల ప్రింటర్లు చేస్తాం, ఏవి చేయం, ఎన్ని రోజులు పడుతుంది, చూసి చెప్పడానికి డబ్బు తీసుకుంటామా, ఇవి మొదటి పేజీలోనే ఉన్నాయి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెప్తుంది, మాది అంతకుముందు తొమ్మిది సెకన్ల దగ్గర ఉండేది, ఇప్పుడు రెండు చిల్లర. "చేయం" అని రాసిన వరుస వల్ల అనవసరపు కాల్స్ బాగా తగ్గాయి, నేను ఊహించని లాభం అది.

వర్డ్‌ప్రెస్ మీద నా అభిప్రాయం: మంచిదే, కానీ వదిలేస్తే కుదరదు. 2003 నుంచి ఉంది కాబట్టి ఒక డెవలపర్ వెళ్ళిపోయినా ఇంకొకరు వచ్చి అందుకోగలరు, మాకు ఆ అవసరం నిజంగానే పడింది. ప్లగిన్లతోనే (సైటుకి అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) తలనొప్పి. మొదటి సైటులో ఇరవై పైగా ఉండేవి, ఇప్పుడు ఆరు. ఒకసారి అప్‌డేట్ తర్వాత కాంటాక్ట్ ఫారం పనిచేయడం మానేసింది, నింపినవాళ్ళకి "ధన్యవాదాలు" అని వస్తోంది, మాకు మెయిల్ మాత్రం రావడం లేదు. రెండు వారాలు మార్కెట్ డల్‌గా ఉందనుకున్నాం. అప్పటి నుంచి ప్రతి సోమవారం మా ఫారం నేనే నింపి, మెయిల్ వచ్చిందో లేదో చూస్తాను.

ఇన్నేళ్ళలో మాకు ఎక్కువ పని తెచ్చింది మాత్రం గూగుల్ బిజినెస్ ప్రొఫైలే (2021 దాకా దాని పేరు గూగుల్ మై బిజినెస్). పైసా ఖర్చు లేదు. చుట్టుపక్కల వెతికేవాళ్ళకి ఎవరిని చూపించాలన్నది మూడింటిని బట్టి ఉంటుందని గూగులే చెప్తుంది: వెతికినదానికి మనం ఎంత సరిపోతాం, ఎంత దూరంలో ఉన్నాం, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మొదటిది ఉంది, దాన్నే నేను రెండేళ్ళు గాలికొదిలేశాను. మా ప్రధాన కేటగిరీ కంప్యూటర్ స్టోర్ అని ఉండేది, ప్రింటర్ రిపేర్ సర్వీస్ అని మార్చిన కొన్ని వారాలకే కాల్స్‌లో తేడా కనిపించింది. పేరులో "బెస్ట్ ప్రింటర్ రిపేర్" అని తగిలించమని కొందరు సలహా ఇచ్చారు, బయట బోర్డు మీద ఉన్న పేరే అక్కడా ఉండాలన్నది నియమం, తేడా వస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది, నేను ఒప్పుకోలేదు. రివ్యూలకీ అంతే. పని అయ్యాక అందరినీ అడుగుతాం, సంతోషంగా ఉన్నవాళ్ళని ఏరి మరీ అడగం, డిస్కౌంట్ ఇస్తామని అసలు అనం, ఈ రెండూ నియమాలకు విరుద్ధం. ఒక్క స్టార్ రివ్యూకి కూడా జరిగింది జరిగినట్టు జవాబు రాస్తాను. ఆ జవాబులు చదివే వచ్చామని చెప్పినవాళ్ళు ఉన్నారు.

మరి ప్రొఫైల్ ఒక్కటే చాలదా అంటే, చాలదు. ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లని గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది, అదే ఏడాది జులై 31తో చాట్ కూడా పోయింది. ఎదుటివాళ్ళ స్థలంలో ఏది ఎన్నాళ్ళు ఉంటుందో మన చేతిలో ఉండదు. పైగా ప్రొఫైల్‌లో మమ్మల్ని చూసినవాళ్ళు, తమ మోడల్ మేం చేస్తామో లేదో సైటులో చూసుకున్నాకే ఫోన్ చేస్తున్నారు, అడిగితే చాలామంది ఇదే చెప్పారు.

యాడ్స్ దగ్గర మొదటి నాలుగు నెలలు డబ్బు పోగొట్టుకున్నాను, సెట్టింగులు చదవకపోవడం నా తప్పు. లొకేషన్ సెట్టింగ్‌లో మామూలుగా ఉండేది ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళతో పాటు ఆ ప్రాంతం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి కూడా చూపించే ఆప్షన్. ప్రింటర్‌ని మోసుకుని అంత దూరం నుంచి ఎవరొస్తారు? విసుగొచ్చి ఆపేశాను. ఏడాది తర్వాత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (ఏ మాటలు వెతికినవాళ్ళకి మన యాడ్ కనిపించిందో చూపే జాబితా) తెరిచి ఒక్కో వరుసా చదివాను: "ప్రింటర్ డ్రైవర్ డౌన్‌లోడ్", "ప్రింటర్ రిపేర్ కోర్సు", "ప్రింటర్ టెక్నీషియన్ ఉద్యోగాలు", "పేపర్ ఇరుక్కుంటే ఎలా తీయాలి". వీళ్ళలో ఒక్కరికీ మాతో పని లేదు, ఒక్కో క్లిక్‌కీ మేం డబ్బు కట్టాం. డౌన్‌లోడ్, డ్రైవర్, కోర్సు, ఉద్యోగం, ఎలా, ఇలాంటివన్నీ నెగటివ్ కీవర్డ్స్‌లో (ఆ మాటలుంటే యాడ్ చూపించొద్దని చెప్పే జాబితాలో) వేశాను, లొకేషన్‌ని అక్కడ ఉన్నవాళ్ళకే అని మార్చాను, మేం తెరిచి ఉండే వేళల్లోనే యాడ్ వచ్చేలా పెట్టాను. ఖర్చు సగానికి పైగా తగ్గింది, కాల్స్ తగ్గలేదు. ఇప్పటికీ వారానికోసారి ఆ రిపోర్ట్ చదువుతాను, అరగంట పని.

ఎస్ఈఓ (గూగుల్ ఫలితాల్లో సైటు పైకి వచ్చేలా చేసే పని) ఏజెన్సీ ఒకదాన్ని ఆరు నెలలు పెట్టుకున్నాం, మొదటి స్థానం గ్యారంటీ అన్నారు. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సొంత సహాయ పేజీల్లోనే రాసి ఉంచింది, నేను చదివింది డబ్బు కట్టాక. వాళ్ళు పంపే నెలవారీ రిపోర్ట్‌లో మొదటి స్థానంలో ఉన్న కీవర్డ్ ఏంటా అని చూస్తే, మా వ్యాపారం పేరే! మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనిపించకుండా రాసే కీవర్డ్‌ల జాబితా) నింపామని కూడా రాశారు, వాటిని ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. సోషల్ మీడియా పోస్టుల వల్ల మాలాంటి పనికి పెద్దగా ఉపయోగం కనిపించలేదు, పాడైతేనే గుర్తొచ్చే వ్యాపారం మాది.

స్టార్లు వేయమంటే ప్రొఫైల్‌కి ఐదు, సైటుకి నాలుగు, యాడ్స్‌కి రిపోర్ట్ చదివే ఓపిక ఉంటే నాలుగు, లేకపోతే ఒకటి. డొమైన్‌ని ఈసారి ఐదేళ్ళకి ఒకేసారి రెన్యువల్ చేశాను. ఆటో రెన్యువల్ ఆన్‌లోనే ఉంది, అయినా గడువుకి రెండు నెలల ముందు మా ముగ్గురి ఫోన్లలోనూ రిమైండర్ మోగేలా పెట్టాను.